అసంపూర్ణ కుక్క

మల్లవరప్పేట పురపాలక పశువైద్యశాలలో పొద్దున్నే కుక్కపిల్లను అప్పగిస్తే, దాని జీవితం మొత్తానికి వేయాల్సిన టీకాలూ చేయాల్సిన పరీక్షలూ ఆ పూటే ముగించి, సాయంత్రానికి ముసలికుక్కగా తిరిగి ఇస్తారు. పిల్లులకు పక్క గుమ్మం ఉంది. పద్ధతి మాత్రం అదే.

మొదట్లో ఇలా ఉండేది కాదు. జనం కూనను మొదటి సూదికి తెచ్చేవారు, రెండోదానికి మరిచిపోయేవారు. ఏటా వేయించాల్సిన రేబిస్ టీకాకు వీధికొకరు వస్తే గొప్ప. నులిపురుగుల మందు ఇంటికి తీసుకెళ్ళి, ఫ్రిజ్ మీద పెట్టి, పండక్కి బూజు దులిపేటప్పుడు చూసి పారేసేవారు. టీకాల శాతాలు పడిపోతున్నాయని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఒక కమిటీ వేశారు. లోపం టీకాల్లో లేదు, సిబ్బందిలో లేదు, ఒక సూదికీ మరో సూదికీ మధ్య ఉన్న కాలంలో ఉందని కమిటీ తేల్చింది. కాబట్టి ఆ కాలాన్ని తీసేశారు.

అందుకోసం వరసగా నాలుగు గదులు కట్టారు. కూనల గదిలో మొదటి టీకాలు, నులిపురుగుల మందు. పడుచు గదిలో రేబిస్ సూది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. నడివయసు గదిలో పళ్ళు, బరువు, గుండె. ముసలి గదిలో కిడ్నీలు, కీళ్ళు, కంటిచూపు. గదికీ గదికీ మధ్య తెల్ల గచ్చు వేసిన వరండా ఉంటుంది. ఆ గచ్చు మీద నడిచినంత సేపట్లో ఏళ్ళు గడిచిపోతాయి. అటెండర్లకు ఏళ్ళు గడవకుండా రబ్బరు చెప్పులు ఇచ్చారు. ఒకాయన చెప్పులు మరిచి వెళ్ళి, అవతలి తలుపు చేరేసరికి రిటైరయ్యే వయసు దాటేశాడు. ఆయన పింఛను కాగితాలు మాత్రం మామూలు వేగంతోనే కదులుతున్నాయి.

పథకం బాగా నడిచింది. ఊళ్ళో ఏ కుక్కకూ జబ్బు రాలేదు, వచ్చే వ్యవధి లేదు. చెప్పులు కొరకడం, పరుపు మీద పోయడం, రాత్రంతా కుయ్యికుయ్యిమనడం లాంటివన్నీ రెండో వరండాకు ముందే అయిపోయేవి. సంసారులకు అది నచ్చింది. బస్సు డిపో వెనక వీధిలో ఉండే కోటిరత్నం తన పామరేనియన్‌ను అలాగే తెచ్చుకుంది. అది గడప దగ్గర ఆగి, ఇల్లు తనదేనా అన్నట్టు కాసేపు వాసన చూసి, మూల చూసుకుని పడుకుంది. రెండు నెలలు అలాగే పడుకుని, ఏ జబ్బూ లేకుండా పోయింది.

"ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టలేదు మార్తమ్మా," అని కోటిరత్నం అందరికీ చెప్పినట్టే ఎదురింటి మార్తమ్మకూ చెప్పింది. చెప్పి, ఎందుకో చేతిలోని కుక్క గిన్నె వైపు చూస్తూ నిలబడిపోయింది.

మార్తమ్మ ఆర్టీసీ కండక్టరు. ఆమె ఉద్యోగం చాలావరకు నైట్ హాల్టు సర్వీసుల్లోనే గడిచింది. కూతురు సలోమి ఎప్పుడు నడిచిందో, ఎప్పుడు పళ్ళు ఊడాయో ఆమెకు ఇతరులు చెప్పగా తెలుసు. సలోమి ఇప్పుడు గుంటూరులో నర్సు. ఎదిగి వచ్చిన పిల్లను చూసుకుని మురిసిపోయేదే గానీ, ఎదుగుతున్న పిల్లను మార్తమ్మ ఎన్నడూ తీరిగ్గా చూడలేదు. భర్త పోయాక పగటి డ్యూటీ అడిగి వేయించుకుంది. ఆ వేసవిలోనే డిపోలో బస్సు కింద నీడకు పడుకున్న గోధుమరంగు కూన ఒకటి ఆమె సంచీలో దూరింది. గుండ్రంగా, నూనెలోంచి అప్పుడే తీసినట్టు మెరుస్తూ ఉందని దానికి బూరె అని పేరు పెట్టింది.

టీకాల మీద మార్తమ్మకు ఏ అనుమానమూ లేదు. కుక్క కరిచి, ఆ తర్వాత పోయిన ఒక మనిషిని ఆమె ఒకసారి బస్సులోనే ఆసుపత్రికి చేర్చింది. మంచినీళ్ళ సీసా చూసి అతను పడ్డ బెదురు ఆమెకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. అందుకే సెలవు పెట్టి మరీ బూరెను చంకనేసుకుని వెళ్ళింది. కూన కాబట్టి కూనల గది వరకే పని ఉంటుందనుకుంది.

సూది వేసేటప్పుడు బూరె ఒక్కసారి కుయ్యిమని, ఆమె వేలు చప్పరించడంలో పడిపోయింది. మార్తమ్మ చేతులు చాచేలోపు అటెండరు వెంకటస్వామి దాన్ని అందుకుని రెండో తలుపు తీశాడు.

"ఎక్కడికయ్యా?"

"పడుచు గదికమ్మా."

"అది కూన గదా. ఇంకా అన్నం మెతుకు కొరకటమే చేతకాదు."

"అవతలికి పోయేసరికి చేతనవుద్ది," అన్నాడు వెంకటస్వామి. వరండాలో దాన్ని దించి, చేత్తో ముందుకు తోశాడు.

బూరె నడిచింది. నాలుగు అడుగులు వేసేసరికి వేలాడే చెవుల్లో ఒకటి నిక్కబొడుచుకుంది. కాళ్ళు సాగాయి. వెనక్కి తిరిగి ఆమెను చూసింది. ఆ చూపులో అప్పటికే కొంచెం పరాయితనం ఉంది.

మార్తమ్మ చెప్పులు బయట గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆమె వాటి సంగతి ఆలోచించలేదు. ఉత్త కాళ్ళతో గచ్చు మీదికి వెళ్ళి, కుక్కను రెండు చేతులా ఎత్తుకుని, వచ్చిన దారినే వెనక్కి వచ్చింది. వచ్చేసరికి ముందు వైపు జుట్టు తెల్లబడింది. ఎడమ మోకాలు పట్టేసింది. వెనక్కి నడిస్తే ఏళ్ళు తిరిగి వస్తాయన్న నిబంధన పథకంలో లేదు.

"మధ్యలో దిగటానికి లేదమ్మా," అన్నాడు వెంకటస్వామి, కోపం లేకుండానే.

"ఇన్నేళ్ళు బస్సులో చేశా. మధ్యలో దిగనీని బండి ఎక్కడా చూళ్ళేదు నేను. పెద్దాయన్ని పిలువు."

పశువైద్యాధికారి డాక్టర్ హేమసుందర్ మర్యాదస్తుడు. ఆమెకు కుర్చీ వేయించాడు, మోకాలు చూసి అయ్యో అన్నాడు. బూరె నోరు తెరిచి పళ్ళు చూశాడు.

"మీరు ఈ పథకాన్ని తప్పు పడుతున్నారు," అన్నాడు. "నేను మొదట పనిచేసిన ఊళ్ళో ఏడేళ్ళ పాపను ఇంటి కుక్కే కరిచింది. దానికి టీకా వేయించడం మరిచిపోయారు. ఆ పాప తండ్రి నా దగ్గరికొచ్చి, మాకెందుకు గుర్తు చెయ్యలేదని అడిగాడు. ఆ తర్వాత నేను అందరికీ గుర్తు చేశాను. ఫోన్లు చేశాను, ఇళ్ళకు తిరిగాను. అందరూ వస్తామనే అన్నారు."

"నేనొస్తా."

"వాళ్ళూ సరిగ్గా ఇదే మాట అన్నారు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మనుషులు ఎలాంటివాళ్ళో మార్తమ్మకు బస్సులో బాగా తెలిసింది. బూరె ఆయన స్టెతస్కోపు గొట్టం నోట కరిచి లాగుతోంది. ఆయన విడిపించుకోవడం లేదు.

"డాక్టరుగారూ, జబ్బు రాకుండా చూడమని తెచ్చా దీన్ని. బతుకే రాకుండా చూడమని తేలేదు. సూది ఎన్నిసార్లు పొడవాలో అన్నిసార్లు పొడవండి. ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా. అది ముసలిదవుద్ది, అవనీండి. దాని కాళ్ళతో అది నడిచి అవుద్ది. అందాకా నా చెప్పులు కొరుక్కోనీండి."

"అలా చేస్తే ఇది అసంపూర్ణ కుక్క అవుతుందమ్మా. మా శాతం పడిపోతుంది."

"పడనీండి," అంది మార్తమ్మ.

వారం తిరక్కుండానే పురపాలక సంఘం వాళ్ళు ఆమె గేటుకు పసుప్పచ్చ బోర్డు కట్టిపోయారు. ఈ ఇంట అసంపూర్ణ కుక్క కలదు, జాగ్రత్త అని దానిమీద రాసి ఉంది. పాలవాడు గేటు అవతలే నిలబడి పాలు పోయడం మొదలుపెట్టాడు. వార్డు మెంబరు వచ్చి, మన వార్డు ఒక్కటే వెనకబడిందని ఎత్తిపొడిచాడు. నూటికి నూరు శాతానికి ఇచ్చే అవార్డు చేయి జారితే ఎవరిది బాధ్యత అని అడిగాడు. బాధ్యత నాదేనని చెప్పి మార్తమ్మ ఆయనకు టీ ఇచ్చింది. ఆయన తాగుతుండగా బూరె ఆయన చెప్పు ఒకటి కొరికి పెరట్లో పూడ్చిపెట్టింది. ఊళ్ళో కుక్క కొరికిన చెప్పు చూసి చాలాకాలమైంది. ఆయన దాన్ని తవ్వి తీసి, కడిగించుకోకుండానే తొడుక్కుని, నాలుగిళ్ళలో చూపించి వెళ్ళాడు.

కోటిరత్నం మొదట కిటికీలోంచి చూసేది. తర్వాత గోడ మీదుగా చూసేది. ఒక సాయంత్రం గేటు తీసుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. బూరె తన తోకను తానే పట్టుకోబోయి పడిపోతుంటే చూసి, "మాది కూడా ఇట్టా చేసి ఉండేదంటావా?" అని అడిగింది. చేసి ఉండేదని మార్తమ్మ చెప్పింది. కోటిరత్నం కొంగుతో మొహం తుడుచుకుని, రేపు కూడా వస్తానని లేచింది.

రెండో సూదికి చెప్పిన రోజున మార్తమ్మ బూరెను తీసుకుని పశువైద్యశాలకు వెళ్ళింది. ఒకసారి లోపలికొచ్చిన కుక్కను మళ్ళీ కూనల గదిలోకి రానివ్వరు. పడుచు గదికి దాని వయసు చాలదు. రెండో సూదికి ఎవరైనా తిరిగి రావడమన్నది పథకంలో ఎక్కడా ఊహించలేదు. డాక్టర్ హేమసుందర్ కాసేపు గుమ్మంలో నిలబడి ఆలోచించి, సూదిమందు తెచ్చి వేపచెట్టు కింద తానే వేశాడు. తర్వాత అలవాటుగా నోరు తెరిచి చూశాడు. ముందు పన్ను ఒకటి ఊగుతోంది. వేలితో తాకగానే ఊడి ఆయన అరచేతిలో పడింది.

"పాలపన్ను," అన్నాడాయన. "కాలేజీలో చదివేటప్పుడు చూశాను." దాన్ని రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, "మళ్ళీ ఏడాదికి రేబిస్‌ది. వస్తారుగా?" అని అడిగాడు. పథకం రాకముందు ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా ఆయన గొంతులో ఉండే విసుగు ఇప్పుడు లేదు.

"వస్తానని చెప్పాగా."

ఆమె గేటు వైపు వస్తుంటే భవనానికి కుడివైపున కొత్త గుమ్మం కనిపించింది. రంగు ఇంకా ఆరలేదు. దాని ముందు పెద్ద వరస ఉంది. వరసలో కుక్కలూ పిల్లులూ లేవు. అందరూ తల్లులు, తండ్రులు. పసివాళ్ళకు తలంటి, కొత్త బట్టలు తొడిగి తెచ్చారు. తోసుకోవడం లేదు, ఏడుపులు లేవు. కుర్చీలు వేశారు, మంచినీళ్ళు పెట్టారు. ఏర్పాట్లు బాగున్నాయని ఒకాయన పక్కాయనతో అంటున్నాడు.

కుర్చీలో కూర్చున్న ఒక పడుచు తల్లి ఆమెకు పక్క కుర్చీ చూపించింది. ఒళ్ళో బాబుకు ఇంకా కూర్చోవడం రాలేదు. బూరె చెవి అందుకుని నోట్లో పెట్టుకోబోయాడు.

"ఏం పేరు?" అని బాబును చూస్తూ అడిగింది మార్తమ్మ.

"అభిరామ్. ఇప్పుడు లోపలికి పోతే టీకాలు, బళ్ళో చేరటం, పదో తరగతి, ఎంట్రన్సు అన్నీ అయిపోతాయంటండీ. సాయంత్రానికి సీటుతో బయటికొస్తాడంట. ఎట్టాగూ హాస్టల్లోనే గదండీ వేసేది. ఇట్టా అయితే మనకు బెంగ కూడా ఉండదంట."

"అంటన్నారా?"

"అందరూ అంటన్నారు," అంది ఆ పిల్ల. బాబు వేళ్ళ మధ్యనుంచి కుక్క చెవిని మెల్లగా విడిపించింది. వాడు నవ్వాడు. వాడి నోట్లో పళ్ళు లేవు.

లోపలినుంచి అభిరామ్ పేరు పిలిచారు. ఆ పిల్ల లేవబోయింది. మార్తమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్ళను లోపలికి లాగేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది.

"కూర్చోమ్మా," అంది. "వాణ్ణి కాసేపు ఆడుకోనీ."

ఆ పిల్ల ఒకసారి గుమ్మం వైపు చూసింది, ఒకసారి ఆమె తెల్లజుట్టు వైపు చూసింది. కూర్చుంది. లోపలివాళ్ళు రెండోసారి పిలవలేదు. తర్వాతి పేరు పిలిచారు. ఆ పేరున్న పిల్లాణ్ణి ఎత్తుకుని వాడి తండ్రి అప్పటికే లేచి, గుమ్మం దాటేశాడు.