వర్ణన చాలని బ్రేకులు

ఒకటో తారీఖు నుంచి ఆ బస్సు డిపోలో 'బ్యాడ్' అనే మాట రద్దయింది. దాంతోపాటు గుడ్, బిగ్, స్మాల్, వెరీ అనేవాటికి కూడా ఉద్వాసన చెప్పారు. ఇవన్నీ పేదమాటలనీ, వీటిని పట్టుకు వేళ్ళాడేవాళ్ళ మూలంగానే సంస్థ ప్రగతి కుంటుపడిందనీ డిపో మేనేజరుగారు కనిపెట్టారు. టైర్లు అరిగిపోవడం వల్లనో, ఇంజన్లు ముసలివైపోవడం వల్లనో కుంటుపడిందని అప్పటిదాకా అనుకుంటున్న సిబ్బంది తమ అజ్ఞానానికి సిగ్గుపడ్డారు.

నిబంధనలు సులువైనవే. బస్సులో ఏ లోపమున్నా డ్రైవరు సాయంత్రం ఫిర్యాదుల పుస్తకంలో ఇంగ్లీషులోనే రాయాలి. ప్రతి ఫిర్యాదులో కనీసం మూడు వర్ణన మాటలుండాలి. ఒకరు వాడిన మాటను ఆ నెలంతా ఇంకొకరు ముట్టకూడదు. ముడితే పదసంపద పెరిగేదెట్లా? ఫిర్యాదు మీద 'అంగీకరించడమైనది' అని ముద్ర పడ్డాకే మెకానిక్ స్పానరు పట్టాలి. ముద్ర పడకపోతే బస్సు లక్షణంగా ఉన్నట్టే లెక్క.

"మిత్రులారా!" అన్నారు మేనేజరుగారు ప్రారంభ సభలో. "స్క్రూ ఊడితే ఊడిందని చెప్పేవాడు కూలివాడు. ఊడిన ఆ స్క్రూ ఆవేదనను చెప్పగలిగినవాడే ప్రొఫెషనల్! మీ గుండెల్లో దాగున్న రంగులన్నీ ఆ పుస్తకంలో ఒలకబోయండి!"

ఒలకబోశారు. ఒకటో తారీఖు సాయంత్రం కాకముందే పుస్తకం ముందు బారులు తీరారు. 'డేంజరస్'ను ఎవరో సైడు అద్దం మీద ఖర్చు పెట్టేశారు. 'వీక్' ఒక సీటు కవరుకు పోయింది. 'బ్రోకెన్' వైపరు పాలైంది. 'హారిబుల్'ను ఒకాయన, తన బస్సుకు ఏ లోపమూ లేకపోయినా, సీటు మీద రుమాలు వేసినట్టు ముందుగా రాసి పెట్టుకున్నాడు. పదో తారీఖు దాటేసరికి నిఘంటువులో మనిషిని భయపెట్టగలిగిన మాట ఒక్కటీ మిగల్లేదు.

ఇరవై మూడో తారీఖున మన డ్రైవరు బస్సుకు బ్రేకులు పోయాయి. ఇతను ఎనిమిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టి, ఇరవై రెండేళ్ళుగా ఒక్క మనిషికీ గీత పడకుండా బస్సు నడుపుతున్నవాడు. అంటే అర్హతలేవీ లేనివాడన్నమాట. కొండమీది కాలనీ నుంచి కింద వంతెన దాకా అతని రూటు. దారంతా దిగుడు, దిగుడంతా మలుపులు.

షెడ్డులో స్పానర్ బాబాయి దగ్గరికి పరిగెత్తాడు. ఆ డిపోలో చక్రం విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ ఆయనొక్కడే.

"బాబాయ్, లైనర్లు అరిగిపోయాయి. పెడల్ నేలకి తగులుతోంది. ఒక్కసారి విప్పి చూడు."

"విప్పడమెందుకురా అబ్బాయ్, వాసనే చెబుతోంది. కానీ పుస్తకంలో ముద్ర లేకుండా స్టోర్లో లైనరు ఇవ్వరు. పోయిన వారం ఒక నట్టు బిగించినందుకు మెమో ఇచ్చారు నాకు. దాన్నింకా ఎవరూ వర్ణించలేదట!"

డ్రైవరు పుస్తకంలో 'బ్రేక్ నో వర్క్' అని రాశాడు. 'వర్ణన చాలదు' అని ఎర్రసిరాతో వెనక్కొచ్చింది. మర్నాడు ప్రాణం విసిగి 'బ్రేక్ బ్యాడ్' అని రాశాడు. నిషిద్ధ పదం వాడినందుకు సంజాయిషీ అడిగారు. మూడోరోజు సాయంత్రం బావమరిదిని ఇంటికి పిలిపించాడు. బావమరిదికి డిగ్రీ ఉంది, లావుపాటి నిఘంటువు ఉంది, ఉద్యోగం లేదు. ఈ పథకం వచ్చాక అతనికి అక్కగారింట్లో అడక్కుండానే రెండో టీ దొరుకుతోంది.

"బావా, నీ బ్రేకు ఎలా ఉంటుందో చెప్పు."

"ఎలా ఉండటమేంట్రా? తొక్కితే ఆగదు."

"ఆగకుండా ఏం చేస్తుంది?"

"కాసేపు ఆలోచిస్తుంది. బుద్ధి పుడితే ఆగుతుంది."

"అదీ! ఇంత కవిత్వం కడుపులో పెట్టుకుని బ్యాడ్ అని రాస్తావా, బావా?"

"ఒరే తమ్ముడూ, కవిత్వం తర్వాత. రేప్పొద్దున కూడా ఈయన ఆ బండే నడపాలి" అంది భార్య గిన్నెలు తోముతూ.

భయపెట్టే మాటలన్నీ అయిపోయాయి గనక నిఘంటువులో మిగిలినవి సాధుమాటలే. వాటిలోంచే ఏరి ముగ్గురూ కలిసి వాక్యం కట్టారు: 'మై బ్రేక్స్ ఆర్ పెన్సివ్, మెల్లో అండ్ అన్‌హరీడ్.' అంటే బ్రేకులు ఆలోచనలో మునిగి, పండిన పండులా మెత్తబడి, ఏ తొందరా లేకుండా ఉన్నాయని. నిజానికి అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

అది చదివి మేనేజరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వాక్యాన్ని ఆ నెలకు ఉత్తమ రచనగా ప్రకటించారు. పటం కట్టించి, డ్రైవరు సీటు వెనక, ప్రయాణికులందరికీ కనబడేలా వేలాడదీయించారు.

"సార్, మరి లైనర్లు?" అన్నాడు డ్రైవరు.

"ఏమయ్యా, ఇన్ని సుగుణాలున్న బ్రేకుల్ని మార్చమంటావా? దీన్ని ఫిర్యాదుల పుస్తకంలోంచి తీసేసి ప్రశంసల పుస్తకంలో ఎక్కించాం. అయినా ఇప్పుడు లైనర్లు మారిస్తే నీ వాక్యం అబద్ధమైపోదూ?"

ఇరవై ఏడో తారీఖు పొద్దున, కొండమీద, బస్సు నిండింది. ఆఫీసులకూ కాలేజీలకూ వెళ్ళేవాళ్ళు కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. డ్రైవరు ఇంజను ఆపి, లేచి నిలబడి, వాళ్ళవైపు తిరిగాడు.

"అయ్యా, అమ్మా! ఈ బస్సుకి బ్రేకులు పడటం లేదు. కిందిదాకా అంతా దిగుడే. మీ కాళ్ళు పట్టుకుంటా, దిగిపోండి."

బస్సంతా ముఖం చిట్లించింది. "పొద్దున్నే ఏం మాటలయ్యా అవి?" అన్నాడు టై కట్టుకున్నాయన. "నీ సీటు వెనక అంత చక్కగా రాసి పెట్టారు. చదువుకోరాదూ?"

"అది రాసింది నేనేనండీ!"

"నీ మొహంలా ఉంది" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. ఒక తల్లి తన కూతురిచేత పటం మీది వాక్యాన్ని బిగ్గరగా చదివించింది. ఉచ్చారణ బాగుందని అందరూ మెచ్చుకున్నారు. బ్రేకుల గురించి ఎవరికీ ఏ అనుమానమూ లేకపోయింది.

డ్రైవరు తాళం తీసి సీటు మీద పెట్టి కిందికి దిగాడు. స్టాపులో ఉన్న కంట్రోలరు అతన్ని అక్కడికక్కడే సస్పెండు చేశాడు; డిపో అంగీకరించిన బ్రేకులను బహిరంగంగా కించపరిచాడని ఆరోపణ. కొత్తగా చేరిన కుర్ర డ్రైవరును పిలిచాడు. అతను మూడు నెలల ఇంగ్లీషు కోర్సు చేసినవాడు. పటం చదివి, సంతృప్తిగా తల ఊపి, సీట్లో కూర్చున్నాడు.

బస్సు కదలబోతుండగా, కూరల బుట్టతో ఒక ముసలమ్మ అందరినీ తోసుకుంటూ దిగింది.

"నాకు చదువు రాదు నాయనా. బ్రేకు లేదన్నావుగదా, దిగిపోయా. ఇంతకీ ఆ పటంలో ఏం రాశారు?"

"ఏం లేదమ్మా. అన్నీ మంచిమాటలే" అని మన డ్రైవరు బుట్ట అందుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

ఇద్దరూ మెట్లదారిన కిందికి నడవసాగారు. మిగిలిన యాభై ఎనిమిది మందీ మొదటి మలుపు తిరిగారు. అందరూ, మీలాగే, చదవడం వచ్చినవాళ్ళు.