బావమరిది పాత కళ్ళజోడు

అయ్యలారా, అమ్మలారా! చూపు బాగుపడ్డవాడు కళ్ళజోడు పెట్టుకుని తీరాలనే నిబంధన కంటే గొప్పది లోకంలో లేదు. నవ్వకండి. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకునే మనిషిని, అబద్ధమాడతానా?

మా బావమరిది పైలట్. కళ్ళకు లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇప్పుడు మా గుమ్మంలో నిలబడి వీధి చివరి మందుల షాపు బోర్డు మీది చిన్నక్షరాలు చదివేస్తాడు. అయినా మళ్ళీ విమానం నడపాలంటే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. పాత సర్టిఫికెట్లో 'కళ్ళజోడు తప్పనిసరి' అని ఉంది. ఆ మాట కొట్టేయాలంటే పరీక్ష పాసవ్వాలి. పరీక్షకేమో, ఆ మాట ఉంది కాబట్టి, కళ్ళజోడుతోనే రావాలి!

ఎంత ముందుచూపు!

పాత జోడు పెట్టుకుని వెళ్ళాడు. గోడ మీది చార్టంతా పొగమంచు.

"పెద్దక్షరం కూడా కనబడట్లేదా?" అన్నాడు డాక్టరు.

"జోడు తీస్తే అడుగు వరస కూడా చదువుతాను సార్."

"తీస్తే రూల్ ఒప్పుకోదయ్యా. నీ ఆపరేషన్ ఫెయిలైనట్టుంది. మళ్ళీసారి కూడా ఇంతే అయితే నేల మీద ఉద్యోగం చూసుకో."

తప్పేముంది? కళ్ళు ఇవాళ ఉంటాయి, రేపు పోతాయి. రూల్ అలా కాదే! అసలీ పద్ధతి అంతటా రావాలి. విరిగిన కాలు అతుక్కున్నవాడు చంకకర్రలతోనే పరుగుపందెంలో దిగాలి. జ్వరం తగ్గిన గుమాస్తా దుప్పటి కప్పుకునే ఆఫీసుకు రావాలి!

మా బావమరిదికి ఇంత జ్ఞానం లేదు. అన్నం మానేసి, కిటికీ దగ్గర కూర్చుని, పైన పోయే విమానాలను చూస్తుండిపోయాడు. మా ఆవిడ తమ్ముణ్ణి అలా చూడలేకపోయింది. జోడు లాక్కుని, చెంచా కాడతో రెండద్దాలూ ఊడబొడిచింది.

"ఇప్పుడు పెట్టుకుని పోరా!"

"పట్టుబడితే ఉద్యోగం పోతుందక్కా! బావా, నువ్వైనా చెప్పు!"

నేను దేవుడి పటం వైపు చూశాను. ఆయన కూడా మా ఆవిడకు ఎదురు చెప్పలేదు.

తోడుగా నేనూ వెళ్ళాను. ఉత్త ఫ్రేములోంచి మావాడు అడుగు వరస గడగడా చదివి, దాని కింద చార్టు అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివాడు. డాక్టరు లేచి దగ్గరకొచ్చాడు. వంగి ఆ ఫ్రేములోకి తేరిపార చూశాడు. నేను మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాను.

"అద్దాలు ఎంత శుభ్రంగా ఉంచుకున్నావయ్యా!" అన్నాడు. "చూశావా జోడు మహిమ? ఇది లేకుండా మాత్రం ఎప్పుడూ నడపకు."

సర్టిఫికెట్ వచ్చింది. 'కళ్ళజోడు తప్పనిసరి' అలాగే ఉంది. మావాడు ఉత్త ఫ్రేముతో హాయిగా ఎగురుతున్నాడు.

నేను మాత్రం రోజూ దండం పెట్టుకుంటున్నాను. స్వామీ, రూల్ తు.చ. తప్పకుండా పాటించే పైలట్ ఉన్న విమానం మమ్మల్ని ఎక్కించకు!