మూడు ముళ్ల సీసా

శ్రవణ్‌కుమార్‌కు తన నాలుక మీద ఉన్నంత నమ్మకం చౌటుప్పల్ చుట్టుపక్కల ఇంకెవరికీ దేని మీదా లేదు. వారమంతా మందుల ఫ్యాక్టరీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో గాజు గొట్టాల మధ్య గడిపేవాడు. ఆదివారం వచ్చిందంటే మిత్రుడు వెంకటేశ్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని బీర్లూ వైన్లూ రుచి చూసి మార్కులు వేసేవాడు. తాగడం కాదు, రుచి చూడడం. ఆ రెంటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పేవాడు కాబట్టి, వాడలో అందరూ అడగడం మానేశారు.

మార్కులకు ఒక రిజిస్టరు ఉంది. రంగుకు రెండు, వాసనకు మూడు, రుచికి నాలుగు, మింగాక నోట్లో మిగిలేదానికి ఒకటి. నాలుగేళ్లలో నూట అరవై రెండు సీసాలు అందులోకి ఎక్కాయి. తొమ్మిది మార్కులు మాత్రం ఇంతవరకు ఏ సీసాకూ దక్కలేదు. శ్రవణ్‌కుమార్ ఎన్ని వేస్తే అందులోంచి పావు మార్కు తగ్గించి వేయడం వెంకటేశ్ పద్ధతి. అట్లా వేస్తే తనకూ సొంత అభిప్రాయం ఉన్నట్టు కనబడుతుందని అతని ఆశ.

ఆ ఆదివారం మామూలు ఆదివారం కాదు. హైవే పక్కన మహేష్ అనే ఆయన సొంతంగా బీరు కాచి అమ్మే పెద్ద హోటల్ ఒకటి తెరవబోతున్నాడు. రుచి చూసి ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పడానికి ఆయనకు ఒక మనిషి కావాలి. అట్లాంటి ఉద్యోగం ఒకటి లోకంలో ఉందని తెలిసిన రోజు శ్రవణ్‌కుమార్‌కు అన్నం సయించలేదు. మహేష్ పొద్దున ఎనిమిదికి ఇంటికే వచ్చి, అతను మార్కులు వేసే తీరు కళ్లారా చూస్తానన్నాడు. ఈ ఒక్క పొద్దు గట్టెక్కితే చాలు, జన్మంతా తనకిష్టమైన పనే.

"పొద్దున్నే తాగుడేందిరా, నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు తండ్రి రామచంద్రయ్య.

"తాగుడు కాదు బాపు, రుచి చూసుడు. పొద్దుగాల నాలుక కడిగిన పలక లెక్క ఉంటది" అన్నాడు శ్రవణ్‌కుమార్.

"నువ్వు పలక పట్టిన రోజుల్ల గింత శ్రద్ధ పెడితే బాగుండు" అని రామచంద్రయ్య వీధిలోకి వెళ్లిపోయాడు. ఆయనకు అక్కడ వేరే పని ఉంది.

ఆ ఇంట్లో మూడు తరాలుగా మగ్గం ఆడుతోంది. నూలును ముడులు వేసి, రంగుల్లో ముంచి ఇక్కత్ చీరలు నేసే ఇల్లు కనుక ఏ వస్తువుకు గుర్తు కావాలన్నా అక్కడ కాగితం అంటించరు, దారంతో ముడి వేస్తారు. ఉప్పు డబ్బాకు ఒక ముడి, చక్కెర డబ్బాకు రెండు. రామచంద్రయ్య బీపీ గోలీల సీసాకు కూడా ఒక ముడి ఉంది. కోడలు సింధూజ కాపురానికి వచ్చిన కొత్తలో ఈ ముడులు తెలియక చాయ్‌లో ఉప్పు వేసింది గాని, ఇప్పుడు ఆమెకు కళ్లు మూసుకున్నా ఏ ముడి ఏమిటో తెలుసు.

శ్రవణ్‌కుమార్ ఆమెకు ల్యాబు పద్ధతిలో పని అప్పగించాడు. సీసాల మీది కాగితాలు నానబెట్టి ఊడదీయాలి, మూతలు తీసి బిరడాలు పెట్టాలి. ఒకటో నంబరుకు ఒక ముడి, రెండో నంబరుకు రెండు, అట్లా ఐదు దాకా. ఏ ముడికి ఏ సరుకో చీటీ రాసి ఆమె దగ్గరే ఉంచుకోవాలి. అంతేకాదు, పరీక్ష జరిగినంతసేపు ఆమె మిద్దె మీదే కూర్చోవాలి.

"మిద్దె మీదెందుకు? ఎండ కొట్టదా నాకు?" అంది సింధూజ.

"నీ మొహం చూసి కనిపెట్టిండని రేపు ఎవరన్న అంటే నా పరువేంగావాలె?"

సరిగ్గా ఎనిమిదికి మహేష్ తెల్ల చొక్కాలో వచ్చాడు. వస్తూ ఒక సీసా కూడా తెచ్చి సింధూజ చేతిలో పెట్టాడు. "మా కాడ మొన్న దించింది చెల్లె. గిది గూడ అందుల కలుపు" అన్నాడు. ఆమె నాలుగో నంబరు సీసాను పక్కన పెట్టి, దాని బదులు దీనికి నాలుగు ముళ్లు వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. చీటీ, ఫోను, గొడుగు పట్టుకుని మిద్దె ఎక్కింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. అదే ఫ్రిజ్‌లో, పైఅరలో, అట్లాంటిదే గోధుమరంగు సీసా ఇంకొకటి ఉంది. శ్రవణ్‌కుమార్ ఖాళీ చేసిన సీసాలను పారేయడానికి అతని తల్లి మల్లమ్మకు మనసొప్పదు. ఆమె బియ్యం గంజి కాచి, గుడ్డలో వడగట్టి, సీసాలో పోసి పులియబెడుతుంది. చీరకు నిలువు పోగులైన పడుగును వీధిలో చాపినప్పుడు, కుండెడు కొత్త గంజిలో ఈ పులిసిన గంజి కొంచెం కలిపి కుంచెతో పట్టిస్తారు. అట్లా చేస్తే పోగు తెగదు, మెరుపు పోదు. మూడు రోజులు పులియాలి, నాలుగో రోజు పనికిరాదు. అందుకని పులుపు మించకుండా ఫ్రిజ్‌లోనే ఉంచి, రోజుకొక ముడి వేస్తుంది. ఆ ఆదివారానికి ఆ సీసాకు మూడు ముళ్లు పడ్డాయి.

వీధిలో పడుగు చాపి ఉంది. పొయ్యి మీద కుండ కుతకుతమంటోంది. మల్లమ్మ గరిటె వదలకుండానే కేక వేసింది. "ఏమయ్యా, ఫ్రిజ్‌ల మూడు ముళ్ల సీసా ఉన్నది, జర పట్కరా!"

ఫ్రిజ్ తలుపు తీయగానే రామచంద్రయ్య కంటికి కింది అరలోని మూడు ముళ్ల సీసా ఆనింది. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. పట్టుకెళ్లి పెళ్లాం చేతికిచ్చాడు. పొయ్యి పొగలో వాసన తెలియక ఆమె ముడులు మాత్రం లెక్కపెట్టి, కుండలో సగం కుమ్మరించి, మిగతా సగం పక్కన పెట్టింది.

లోపల పరీక్ష మొదలైంది. ఒకటో సీసాకు శ్రవణ్‌కుమార్ ఐదు వేశాడు, వెంకటేశ్ నాలుగుంబావు. "ఎప్పుడూ పావే గద, ఇయ్యాల ముప్పావు తగ్గించినవేంది?" అని శ్రవణ్‌కుమార్ గొణిగాడు. మహేష్ ఎదుట తన స్థాయి చూపాలని వెంకటేశ్ ఉద్దేశం. రెండోదానికి ఆరున్నర పడింది. మూడో సీసా తెమ్మంటే వెంకటేశ్ ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, కింది అరలో లేకపోతే పైఅరలో వెతికి, మూడు ముళ్ల సీసా పట్టుకొచ్చాడు.

శ్రవణ్‌కుమార్ గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తాడు. "చూసిండ్రా గీ మబ్బు? వడపోత సరిగ్గ చెయ్యలే, కావాల్నని అట్ల ఇడిసిపెట్టిండ్రు. గోధుమ బీరు."

"నురగ లేదు కద అన్నా?" అన్నాడు వెంకటేశ్.

"పాత పద్ధతిల చేసినదానికి నురగ ఉండదు. నురగ చూసి మురిసేటోళ్లు వేరే ఉంటరు" అన్నాడు శ్రవణ్‌కుమార్. వెంకటేశ్ వెంటనే నురగ మీద ఆశ వదిలేసుకున్నాడు.

శ్రవణ్‌కుమార్ వాసన చూశాడు. ఒక గుక్క తీసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పి మింగాడు. కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవలేదు.

"ఏమైంది తమ్మీ?" అన్నాడు మహేష్ కంగారుగా.

"ఏం చెప్పాలె అన్నా... చిన్నప్పటి సంగతేదో యాదికొస్తాంది. గిసొంటి బీరు నా జిందగీల తాగలే." రిజిస్టరు తీసుకుని తొమ్మిదిన్నర వేశాడు. వెంకటేశ్ తొమ్మిదింబావు వేసి, చరిత్ర జరుగుతున్నప్పుడు పక్కనే ఉన్నందుకు గర్వపడ్డాడు.

మహేష్ కూడా తాగాడు. "నాకైతే జర పుల్లగ కొడుతాంది."

"ఆ పులుపే దాని గొప్పతనం అన్నా. ఇంకో గుక్క తాగి చూడు."

ఇంకో గుక్కకు మహేష్‌కూ ఏదో ఉన్నట్టే అనిపించింది. మూడో గుక్కకు ఖాయమైంది. ఫోను తీసి రిజిస్టరు పేజీని ఫొటో కొట్టి, హోటల్ వాటాదారులకు పంపాడు. ఓపెనింగ్ రోజు పోయబోయే సరుకు దొరికిందనీ, నూరు లీటర్లకు తక్కువ చాలదనీ రాశాడు. శ్రవణ్‌కుమార్ అప్పుడే మనసులో ఫ్యాక్టరీకి రాజీనామా రాయడం మొదలుపెట్టాడు.

నాలుగో సీసా వచ్చింది. ఇప్పుడు నాలుకకు ఎదురే లేదు. "తేనె వాసన. ఎనకాల కొంచెం అడివి ఉన్నది. ఏడు!" అన్నాడు. మహేష్ మూతి తుడుచుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

అప్పుడే వీధిలోంచి రామచంద్రయ్య గొంతు వినబడింది. "మల్లమ్మా! గంజి పొంగుతాందేందే? అండ్ల సబ్బుగిట్ల వేసినవా ఏంది?"

కుండ మీద మూరెడు నురగ. పడుగుకు మొదటి మూడు బారలు అప్పటికే పట్టించాడాయన. పోగుల మీద బుడగలు లేచి టపటప పగులుతున్నాయి. ఎదురింటి భద్రమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏందొదినె, మీ పడుగు రాత్రి బార్ల పన్నదా?"

జన్మలో చుక్క ముట్టని రామచంద్రయ్య మోచేతుల దాకా బీరుతో నిలబడి తన చేతులు తానే వాసన చూసుకున్నాడు. "నలభై ఏండ్ల సంది గంజి పెడుతున్న. ఇయ్యాల నాతోని పడుగుకు మందు తాగిపిస్తివి గదనే!"

మల్లమ్మ వేలు కుండలో ముంచి నాలుక కొసకు ఆనించి, తుపుక్కున ఉమ్మింది. "గిది నా గంజి కాదు" అంది. ఒక్క ఉరుకున ఇంట్లోకి వచ్చింది. ముగ్గురు మగవాళ్లు, మూడు గ్లాసులు, వాటి మధ్య ఆమె సీసా.

"అయ్యో, మీ జిమ్మడ! పడుగుకు పెట్టే గంజంత తాగి కూసున్నరా?"

వెంకటేశ్ మెల్లగా రిజిస్టరు మూసేశాడు. కేకలు విని మిద్దె దిగిన సింధూజ చీటీ చూసి, మూడోది గోధుమ బీరేనంది. అత్త చేతిలోని సీసా చూసి, ఆ ముడి తను వేసింది కాదంది. సరిగ్గా అప్పుడు మహేష్ ఫోను మోగింది. వాటాదారు గొంతు గదంతా వినబడింది. "మహేషూ, ఆ తొమ్మిదిన్నర సరుకు ఏ దేశంది?"

"మళ్ల చేస్త" అని మహేష్ ఫోను పెట్టేశాడు.

శ్రవణ్‌కుమార్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది. నాలుగేళ్ల రిజిస్టరు, నూట అరవై రెండు సీసాలు, మందుల ల్యాబులో సంపాదించిన పేరు, అన్నీ అమ్మ గంజి ముందు తల వంచేశాయి. ఉద్యోగం సంగతి సరే, రేపు వాడలో తలెత్తుకు తిరగడం ఎట్లా?

మల్లమ్మకు అవేవీ పట్టలేదు. సీసా ఎత్తి చూసింది. "ఇంక సగమున్నది, సాలు. ఎండెక్కుతాంది, మళ్ల కుండ పెట్టాలె, ఆ మూడు బారలు కడగాలె. లేవుండ్రి ముగ్గురు!" అంటూ వెనక్కి తిరగబోయి, గ్లాసుల దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చింది. "గీ నాలుగు ముళ్లది మోరీల పారబోయుండ్రి. పులుపు దాటి పాడైంది. కడుపుల నొప్పి లేస్తది."

మహేష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎట్ల తెలిసిందమ్మా నీకు?"

"ఎట్లేంది? ముక్కు లేదా నాకు? పులిసిందానికి, పాడైందానికి తేడా తెల్వకుంటే గంజెట్ల పెడుత? ఒక్క పూట ఎక్కువైతె పడుగంత పుటుక్కుమంటది."

"నిజం చెప్తున్నమ్మా. అది మా కాడ పాడైన పీపాలది. రుచి తెలుసనెటోళ్లకు ముందుగాల అదే పెడుత. ఇప్పటికి ఆరుగురు తాగిండ్రు. తేనె అన్నరు, పూలన్నరు. ఒక్కడు పాడైందనలే." ఆయన శ్రవణ్‌కుమార్ వైపు చూడకుండానే అన్నాడు. "ఇయ్యాల్టితోని ఏడుగురు. అమ్మా, నువ్వే మా కాడికి వస్తవా? తాగొద్దు, ఉట్టిగ వాసన చూసి చెప్తె సాలు."

మల్లమ్మ నడుముకు కొంగు బిగించింది. "నాకు మగ్గమున్నది. నేను గంజి పెట్టిన చీర ఇరవై ఏండ్లు కట్టినా పోగు జరగదు. అసొంటి పని ఇడిసిపెట్టి మీ సీసాల ఎంబడి ఎందుకొస్త?"

తిరిగి కొడుకు మొహం చూసింది. ఆ మొహం చూస్తే ఏ తల్లికైనా ఉండబట్టదు.

"ఒక్క మాట జెప్తున్న. మా పిలగాని నాలుక మరీ అంత తప్పు చెప్పలే. చిన్నగున్నప్పుడు నేను గంజి వడగడితే కుండ కాడ కూసోని ఏలు పెట్టి నాకెటోడు. గదే యాదికొచ్చింది వానికి. నా గంజికి తొమ్మిదిన్నర ఏసిండు, అండ్ల అబద్ధమేమున్నది?"

"లేదమ్మా, నేను గూడ మూడు గుక్కలు తాగిన" అన్నాడు మహేష్ నిజాయితీగా.

"మరి? వానికి నాలుకున్నది, ముక్కుకే పని చెప్పలే. ఆర్నెల్లు నా కాడ గంజి కాసుడు నేర్సుకోనీ, అటెన్క పంపుత. అప్పటిదాంక ఆగుతవా?"

"ఆగుత" అన్నాడు మహేష్.

"ఆగుతవు సరే, ఊకె నిలబడితె ఎట్ల? కుంచె పట్టు."

రెండో కుండ దిగేసరికి తొమ్మిదిన్నరైంది. కడిగిన మూడు బారలతో సహా పడుగు మొత్తానికి గంజి పట్టించారు. తెల్ల చొక్కా మహేష్ ఒక పక్క, వెంకటేశ్ ఇంకో పక్క, గంజి కుండతో శ్రవణ్‌కుమార్, మధ్యలో రామచంద్రయ్య. ఎప్పుడు ఏ కుంచె ఎటు తిప్పాలో ఆయన చెబుతుంటే, వెంకటేశ్ ప్రతిసారీ పావు తక్కువే తిప్పాడు. ఎండకు ఆరిన పడుగు వీధి పొడుగునా మెరిసింది. భద్రమ్మ వేళ్లతో పోగు మీటి చూసి, వంక పెట్టడానికి ఏమీ దొరక్క ఇంట్లోకి పోయింది. రామచంద్రయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

మర్నాటి నుంచి శ్రవణ్‌కుమార్ డ్యూటీకి పోయే ముందు పొయ్యి దగ్గర కూర్చుంటున్నాడు. రిజిస్టరు ఇప్పుడు మల్లమ్మ దగ్గర ఉంది. వాడు మొదటిసారి సొంతంగా కాచి, మూడు ముళ్లు వేసి తెచ్చిన గంజికి ఆమె పదికి రెండున్నర వేసింది. అందులో అర మార్కు కన్నకొడుకని.