డార్జిలింగ్ టీపై కోదాడ తీర్మానం

టీ తాగడం వేరు, టీని ఆస్వాదించడం వేరు అన్న సత్యాన్ని కోదాడలోని ఒక ప్రభుత్వ కార్యాలయం 2008 ఆగస్టులో అధికారికంగా గుర్తించింది. గుర్తింపజేసినవాడు సీనియర్ అసిస్టెంటు జీవన్. ఎల్టీసీ (సర్కారు ఇచ్చే సెలవు ప్రయాణ ఖర్చు) మీద డార్జిలింగ్ వెళ్లి, మంచుకొండ కనిపించక (ఉన్న మూడు రోజులూ మబ్బే), వంద గ్రాముల నల్ల టీ ఆకు కొనుక్కొచ్చాడు. పొట్లంతో ఇచ్చిన చిన్న పుస్తకాన్ని రైలు దిగేలోపు కంఠతా పట్టి, తాను రుచి తెలిసిన మనిషినని నిర్ధారణకు వచ్చాడు. (పొట్లం ఇంకా విప్పలేదు.)

సూపరింటెండెంటు గోపయ్య ముచ్చటపడ్డాడు. "మంచిదేనయ్యా. కానీ ఊరికే తాగితే ఏముంటది? పద్ధతి ప్రకారం తాగుదాం" అన్నాడు.

పద్ధతి ప్రకారం రుచి పరిశీలనా సంఘం ఏర్పడింది. రంగు, వాసన, రుచి, రుచి చూసినవారి హోదా అని నాలుగు గడులతో పత్రం తయారైంది. ఐదుగురు సభ్యులు లేనిదే గుటక చెల్లదని నియమం పెట్టారు.

శుక్రవారం నాలుగింటికి జీవన్ మరిగే నీళ్లలో ఆకు వేశాడు. మూడు నిమిషాలు చాలంది పుస్తకం. సభ్యులు నలుగురే ఉన్నారు. ఐదో ఆయన మఠంపల్లి నుంచి బస్సులో వస్తున్నాడు. ఆయన దిగేసరికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ ఆకు నీళ్లలోనే విధి నిర్వహణలో ఉంది.

చల్లారినదాన్ని మళ్లీ మరిగించి, పుస్తకంలో చెప్పినట్టు అందరూ చప్పుడు చేస్తూ జుర్రారు. వేపచెక్క కషాయం తగిలినట్టు జీవన్ నాలుక ముడుచుకుపోయింది. గోపయ్య కళ్లు మూసుకుని "అద్భుతం" అన్నాడు. మిగతా ముగ్గురికీ సరిగ్గా అలాగే అనిపించింది. జీవన్ రుచి గడిలో "పండిన ద్రాక్ష పరిమళం" అని పుస్తకంలోది పొల్లుపోకుండా ఎక్కించాడు. అందరూ సంతకాలు పెట్టారు.

తానిచ్చిన గ్లాసుల కోసం, ఎదురుగా టీకొట్టు నడిపే సత్తమ్మ వచ్చింది. చిలుకూరు చెలకల్లో గొర్లు కాసిన మనిషి. ఏ ఆకైనా నలిపి వాసన చూడందే నమ్మదు.

"ఏంది సారూ, గింత మంచి ఆకును గిట్ల సంపిన్రు? జర ఉండుర్రి."

కొత్తగా నీళ్లు కాచి, దించి, మరుగు తగ్గాక పొట్లంలో మిగిలిన ఆకు వేసి, రంగు దిగగానే వడకట్టి జీవన్ చేతిలో పెట్టింది. తనూ ఒక గుక్క తాగింది.

"ఎండుగడ్డి మీద తొలివాన పడ్డట్టుంది సారూ. కొసకు జర రేగ్గాయ వగరు."

జీవన్ తాగాడు. ఎండుగడ్డి ఉంది. వాన ఉంది. కొసన, ఆమె చెప్పిన చోటే, రేగ్గాయ ఉంది. నలభై రెండేళ్లుగా తాను తాగినదేదీ టీ కాదేమోనని అతనికి భయం వేసింది. కళ్లు కూడా కాస్త చెమ్మగిల్లాయి.

"సార్, ఈమె చెప్పిందే రాద్దాం. నాది కొట్టేస్తా" అన్నాడు.

గోపయ్య కోప్పడలేదు. "హోదా గడిలో ఏం రాస్తవయ్యా? అయినా అద్భుతమని సంతకాలు చేసినంక ఇంకోటి బాగుందంటే, నాకు రుచి తెల్వదనే కదా?"

(జీవన్ పనితీరు మీద ఏటా రహస్య నివేదిక పంపేది గోపయ్యే.)

"నాకెందుకు సారూ ఈ రాతలు? గాడ గిరాకొచ్చింది" అంటూ సత్తమ్మ గ్లాసులు ఏరుకుని వెళ్లిపోయింది.

ఐదున్నరకు తీర్మానంలో చివరి వాక్యం చేర్చారు: "తర్వాత వేరుగా కాచిన టీని సభ్యులెవరూ తాగలేదని ధ్రువీకరించడమైనది."

నాలుక మీద వగరు పోకముందే జీవన్ దాని కింద సంతకం పెట్టాడు.