ఎర్ర బటన్ విప్పే అర్హత

మానవుడు నిప్పును కనిపెట్టాడు. చక్రాన్ని కనిపెట్టాడు. ఆ రెంటినీ ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు ముట్టుకోకూడదో తేల్చే పని మాత్రం మా ఆల్టెన్‌గ్రుండ్ ఊరికి వదిలిపెట్టాడు. మేం ఆ బాధ్యతను తేలిగ్గా తీసుకోలేదు.

మా ప్రాథమిక పాఠశాల వ్యాయామశాలలో కరెంటుతో నడిచే కత్తెర లిఫ్టు ఒకటి ఉంది. ఇనుప కాళ్లు కత్తెరలా విప్పుకుంటూ నిలువునా లేచి, మనిషిని పైకప్పు దాకా మోసుకెళ్లే యంత్రం. దానికి ఎర్ర బటన్లు రెండు. మనిషి నిలబడే పలక మీద ఒకటి, కింద చక్రాల దగ్గర ఒకటి. ఏ ఒక్కటి నొక్కి ఉన్నా యంత్రానికి ప్రాణం రాదు. ఈ మాత్రం సంగతి తెలియడానికి మాకు ఏటా రెండు గంటల భద్రతా ప్రసంగం ఉంటుంది. (హాజరు తప్పనిసరి. మెలకువ ఎవరిష్టం వారిది.)

ఆ ప్రసంగం చేసేది మా పురపాలక భద్రతాధికారి ఎగ్బెర్ట్ వెండ్లర్ గారు. మనిషి మంచివాడే, కాకపోతే నిచ్చెన కనబడితే పూనకం వస్తుంది. కత్తెర లిఫ్టు నియమాలన్నీ ఆయన చేతి చలవే. వాటిలో రెండు చాలు మనకి. ఒకటి: దగ్గర మనిషి లేకుండా యంత్రం కనిపిస్తే ఎవరైనా సరే వెంటనే కింది ఎర్ర బటన్ నొక్కాలి. రెండు: నొక్కిన బటన్‌ను తిరిగి విప్పే అర్హత శిక్షణ పొందినవారికే ఉంటుంది. ఊళ్లో అలాంటివారు ఇద్దరు. ఒకరు వెండ్లర్ గారు. రెండో ఆయన ఆ వారం బాల్టిక్ సముద్రం ఒడ్డున కాళ్లు చాపుకుని ఉన్నారు. (సెలవులో ఉన్న మనిషికి ఫోన్ చేయకూడదని మా దగ్గర నియమమేమీ లేదు. హత్య చేయకూడదని కూడా ఎవరూ గోడ మీద రాసుకోరు కదా.)

ఆ శనివారం ఒకటో తరగతి పిల్లల బడి ప్రవేశం. ఒక్కొక్క బిడ్డనూ పేరు పెట్టి వేదిక మీదికి పిలుస్తారు. ఇంటి పెద్ద ఒకరు వచ్చి, ఆ బిడ్డంత పొడుగున్న మిఠాయి పొట్లాన్ని చేతిలో పెడతారు. మా వైపు పెళ్లి రెండోసారి చేసుకున్నవాళ్లున్నారు గాని, ఆ పొట్లం రెండోసారి అందుకున్నవాళ్లు లేరు. వెండ్లర్ గారి మనవరాలు టిల్డా ఆ ఏడే చేరుతోంది. "పొట్లం తాతే ఇవ్వాలి. ఇంకెవరిచ్చినా బడికి పోను" అని ఆ పిల్ల వేసవి పొడుగునా చెప్పింది. ఆయన కొత్త టై కూడా కొనుక్కున్నారు.

ఆ రోజు కాఫీ, కేకుల ఇన్‌చార్జిని నేను. (తల్లిదండ్రుల సంఘం ఎన్నికలో గెలిచాను. ఎవరూ పోటీ చేయలేదు.) అందువల్ల జరిగింది కళ్లారా చూశాను.

అంతా సిద్ధమయ్యాక, పైన కట్టిన 'స్వాగతం' బ్యానరు ఒక మూల జారి కనిపించింది. వంకర బ్యానరు కింద చదువు మొదలైతే పిల్లలు ఏమవుతారో ఎవరు చెప్పగలరు? వెండ్లర్ గారు కోటు విప్పి, లిఫ్టెక్కి, కప్పు దాకా వెళ్లారు. సరిగ్గా అప్పుడే లోటార్ పీచ్ గారు కుర్చీలు మోసుకుంటూ వచ్చారు. క్రీడా సంఘం సామాన్లు చూసుకునే మనిషి. వెండ్లర్ గారికి పక్కింటాయన కూడా. యంత్రం దగ్గర ఎవరూ లేకపోవడం గమనించారు. ఎర్ర బటన్ నొక్కారు. మంచి పని చేసిన మనిషి ముఖంతో మళ్లీ కుర్చీల కోసం కదిలారు.

"పీచ్ గారూ!" అని ఆకాశవాణి వినిపించింది. "యంత్రం ఆగిపోయిందండీ!"

పీచ్ గారు తలెత్తారు. "అయ్యో, మీరు పైనున్నారా?"

"కనపడలేదా?"

"దగ్గర మనిషున్నాడా లేదా చూడమన్నారు మీరు. పైకి చూడమన్లేదు గదండీ."

వెండ్లర్ గారు కాసేపు ఆలోచించారు. "నిజమే," అన్నారు.

యంత్రం పలకనప్పుడు ఏమేం చూడాలో ఆయనకు కంఠతా వచ్చు. తాళంచెవి తిప్పి ఉందా? ఉంది. పై బటన్ విప్పి ఉందా? ఉంది. బ్యాటరీ నిండా ఉందా? రాత్రంతా ఛార్జింగులోనే పెట్టారు. కింది బటన్?

"నొక్కుందండీ," అన్నారు పీచ్ గారు. "ఖాయంగా చెప్పగలను, నేనే నొక్కాను."

"అయితే కుడివైపు తిప్పి విప్పండి."

"నాకు శిక్షణ లేదు కదండీ."

"నేను చెప్తున్నాగా!"

"నోటిమాట చెల్లదని మీరే అన్నారు. పోయినేడు, నిచ్చెన గొడవలో."

"సరే, వెనకాల ఒక పిడి ఉంటుంది చూడండి. అది లాగితే కరెంటు లేకపోయినా దిగిపోతుంది."

పీచ్ గారు వెనక్కి వెళ్లి చూసొచ్చారు. "దానికి మీరు సీలేశారండీ. సీలు విప్పితే ఏమవుద్దంటే..."

"తెలుసయ్యా, నేనే రాశాను!"

ఈలోగా జనం రావడం మొదలైంది. ప్రధానోపాధ్యాయురాలు గ్రోబెల్ గారు ఒకసారి పైకి, ఒకసారి గడియారం వైపు చూసి, అగ్నిమాపక దళానికి ఫోన్ చేశారు. వాళ్లు అడిగిన ప్రశ్ననే పైకి విసిరారు. "వెండ్లర్ గారూ, మీరు ప్రమాదంలో ఉన్నారా అని అడుగుతున్నారు!"

ఇంకో దేశంలో అయితే మనిషి ఇక్కడ చిన్న అబద్ధం ఆడి, దిగి, సుఖంగా ఉండేవాడు.

"చుట్టూ కంచె ఉంది, బెల్టు పెట్టుకున్నాను," అన్నారాయన. "ప్రమాదం లేదు. ఇబ్బంది ఉంది."

ఇబ్బందులు సోమవారం నుంచి శుక్రవారం దాకా చూస్తామని వాళ్లు మర్యాదగా చెప్పి పెట్టేశారు.

పది అంటే పదే కాబట్టి కార్యక్రమం మొదలైపోయింది. "అర్నోల్డ్, బెంజ్..." అంటూ పేర్లు పిలుస్తున్నారు. వెండ్లర్ అనే ఇంటిపేరు మా భాష అక్షరక్రమంలో దాదాపు చివర వస్తుంది. ఆ పూర్వీకులెవరో పుణ్యాత్ములు.

టిల్డా వరుసలోంచి తప్పించుకుని లిఫ్టు కిందికొచ్చింది. "తాతా, దిగవా?"

"దిగుతా బంగారం. నియమం చూస్తున్నాం."

"మరి నా పొట్లం?"

ఆయన టై ముడి సర్దుకున్నారు, అంతే. ఆ ముఖం చూస్తే నాకు నిజంగా జాలేసి, కేకు కోసే కత్తి పక్కన పెట్టేశాను. మరి నువ్వే వెళ్లి ఆ బటన్ తిప్పొచ్చు కదా అని మీరు అడగవచ్చు. మా ఊళ్లో అలా అడగరు.

అప్పుడు పీచ్ గారు గొంతు సవరించుకున్నారు. "ఒక దారుందండీ. మీ ప్రసంగంలోనే ఉంది. చివరి పావుగంటలో."

"చివరి పావుగంట విన్నారా మీరు?" వెండ్లర్ గారు కంచె మీంచి కిందికి వంగారు.

"ఏటా వింటానండీ. నేనొక్కణ్ణే వింటాను. స్నేహితుడికి చేసే సాయం పని కిందికి రాదు, దానికి శిక్షణ అక్కర్లేదు అన్నారు."

"అన్నాను! అయితే తిప్పండి మరి!"

"కానీ మనం స్నేహితులం కాదు కదండీ," అన్నారు పీచ్ గారు నేల చూపులు చూస్తూ. "'మీరు' అనుకునేవాళ్లం."

ఇక్కడొక మాట చెప్పాలి. మా దగ్గర 'మీరు' లోంచి 'నువ్వు' లోకి దిగడం, కత్తెర లిఫ్టు దిగడం కన్నా కష్టం. ఆ మాట వయసులో పెద్దవాడే అనాలి. చెయ్యి చాపి తన పేరు చెప్పాలి. అంతవరకు చిన్నవాడు నోరు మూసుకుని ఎదురుచూడాలి. వెండ్లర్ గారు నాలుగు నెలలు పెద్ద. పీచ్ గారేమో ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఆయన ఊరెళితే ఈయన టమాటా మొక్కలకి నీళ్లు పోశారు, మంచు పడితే ఆయన వాకిలి కూడా ఊడ్చారు. అయినా ఆ చెయ్యి రాలేదు. ఒకసారి ఇచ్చిన 'నువ్వు' వెనక్కి తీసుకోవడం కుదరదు మరి. రేపు కంచె మొక్కలు ఎత్తుగా పెరిగాయని ఫిర్యాదు పెట్టాల్సి వస్తే, 'నువ్వు' అన్నవాడి మీద ఏ ముఖం పెట్టుకుని పెడతారు?

వేదిక మీద "క్లెమ్" అయిపోయింది. "మార్క్వార్ట్" నడుస్తోంది.

"పీచ్ గారూ," అన్నారు వెండ్లర్ గారు. "నేను మీకంటే పెద్దవాణ్ణి."

"తెలుసండీ."

"కాబట్టి ఇది నేనే అనాలి. మనం ఇక... 'నువ్వు' అనుకుందామా?"

పీచ్ గారు చేతిలో కుర్చీ కింద పెట్టారు. "చాలా సంతోషమండీ. కానీ చెయ్యి కలపాలి కదా. కలపకపోతే చెల్లదు."

ఇద్దరి మధ్యా రెండంతస్తుల గాలి ఉంది. హాల్లో ఎవరూ నవ్వలేదు, ఆయన చెప్పింది సరైన మాటే కనుక. వెండ్లర్ గారు కుడిచేతి గ్లవుజు విప్పి, బ్యానరు తాడుకు కట్టి, మెల్లగా కిందికి వదిలారు. "రిష్టర్" దాటి "సాండర్" దగ్గరికి వచ్చేసరికి ఆ గ్లవుజు పీచ్ గారికి అందింది.

"ఎగ్బెర్ట్," అంది పైనున్న గొంతు.

"లోటార్," అన్నారు పీచ్ గారు. ఆ గ్లవుజును ఊపవలసిన దానికన్నా చాలాసేపు ఊపారు. గ్రోబెల్ గారు వేదిక మీంచే సాక్ష్యంగా తల పంకించి, తర్వాతి పేరు పిలిచారు.

పీచ్ గారు వంగి బటన్‌ను కుడివైపు తిప్పారు. టప్‌మని పైకి లేచింది. యంత్రం మేలుకుంది. పీక్ పీక్‌మని అరుస్తూ, అంగుళం అంగుళం లెక్కన దిగింది. "వెండ్లర్, టిల్డా!" అన్న పిలుపూ, వెండ్లర్ గారి కాలు నేల తాకడమూ ఒక్కసారే జరిగాయి. వ్యాయామశాలలో పరుగు నిషేధమన్న బోర్డు కింద నుంచే ఆయన పరిగెత్తారు.

పొట్లం టిల్డా చేతికి అందింది. పిల్ల తాత మెడ పట్టుకుని వేలాడింది. "నీకు ఒక్క గ్లవుజే ఉందేం తాతా?"

"ఇంకోటి లోటార్ దగ్గరుంది," అన్నారాయన, ఆ పేరు కొత్త చెప్పులా కాస్త కరుస్తున్నట్టు.

తర్వాత కాఫీ బల్ల దగ్గర పీచ్ గారిని చూడాలి! "ఎగ్బెర్ట్, నీకు పాలు పొయ్యనా? ఎగ్బెర్ట్, నువ్వు ప్లమ్ పండ్ల కేకు తిన్నావా? తినవోయ్, నువ్వసలే పొద్దుట్నుంచీ నిలబడున్నావు!" అవసరం ఉన్న చోటా లేని చోటా 'నువ్వు' వేసి, హాలంతా వినబడేలా అంటూనే ఉన్నారు. ఇన్నేళ్లూ దాచుకున్నవన్నీ ఒక్క పూటలో ఖర్చుపెట్టేశారు. వెండ్లర్ గారు ప్రతిదానికీ జవాబిచ్చారు, కాఫీలో చక్కెర కలుపుకుంటూ, ఏదో లెక్క వేసుకుంటూ.

సోమవారం ఉదయానికి లిఫ్టు మీద కొత్త నియమం వెలసింది. స్నేహితుడి సాయం అనే సందులోంచి శిక్షణ లేని చెయ్యి యంత్రంలోకి దూరినట్టు ఇటీవల గమనించడమైనది కనుక, ఇకపై భద్రతాధికారి స్నేహితులెవరూ లిఫ్టు దరిదాపులకు రాకూడదు. ఆయనకున్న స్నేహితుడు ఒక్కడే కాబట్టి, అయోమయం ఉండకూడదని పేరు కూడా వేశారు.