లెక్క రోజు పండుగ

మంగళవారం పొద్దున్నే కాఫీ తాగుతూ హనుమయ్య మర్నాటి కార్యక్రమం ఖాయం చేసుకున్నాడు. కారు విడిభాగాలు చేసే అతని కంపెనీలో బుధవారం సర్వర్లు మారుస్తున్నారు. ఆఫీసుకు ఎవరూ రానక్కర్లేదు. మిషిగన్‌లో ఆపిల్ తోటలు ఎర్రగా విరగకాసి ఉన్నాయి. శనివారం వెళితే కారు పెట్టుకోవడానికే గంట పడుతుంది. బుధవారమైతే తోటంతా తమదే. రెండో క్లాసు చదువుతున్న కూతురు శ్రీవిద్యను తీసుకెళ్ళి, ఆపిల్స్ కోయించి, వేడి వేడి డోనట్లు తినిపించి తీసుకురావాలి. అడ్డమల్లా ఒకటే, బడి.

"స్కూల్లో ఏం చెప్తారు?" అంది భార్య పద్మ. "జ్వరం అని మాత్రం చెప్పకండి. పిల్ల ముందు అబద్ధం బాగోదు."

"నేను చూసుకుంటాగా" అన్నాడు హనుమయ్య ధీమాగా. ఆ ధీమా అతనిది కాదు, ఆఫీసులో పక్క సీటు నరసింహది. "పండగ అని చెప్పన్నా, గంతే! దేవుడి ముచ్చటంటే ఇక్కడోళ్ళు ఇంకో మాట అడగరు" అని నరసింహ ఎప్పుడో సలహా ఇచ్చి ఉన్నాడు. 

హనుమయ్య బాల్కనీలోకి వెళ్ళి బడికి ఫోన్ చేశాడు. ఆఫీసులో ఉండే డెబ్బీ ఎత్తింది. రేపు మా అమ్మాయి రాదని అతను ఇంగ్లీషులో చెప్పగానే, ఆవిడ కంగారు పడింది.

"రేపా? రేపే రాదా? ఒంట్లో బాగాలేదా?"

"లేదండీ. రేపు మాకు పెద్ద పండుగ."

"మాకు అంటే... మీ ఇంట్లోవాళ్ళకా?"

"కాదు కాదు, తెలుగువాళ్ళందరికీ" అన్నాడు హనుమయ్య. అబద్ధానికి బలం చాలదేమోనని ఆ చివరి మాట ఒకటి కలిపాడు. అదే కొంప ముంచింది.

బడి నుంచి వచ్చే మెయిళ్ళు చదివే అలవాటు హనుమయ్యకు లేదు. ఉంటే ఆ బుధవారం సంగతి తెలిసేది. అక్టోబరు మొదటి బుధవారం మిషిగన్‌లో కౌంట్ డే, అంటే లెక్క రోజు. ఆ రోజు బడిలో ఎందరు పిల్లలు కూర్చున్నారో లెక్కపెట్టి, తలకు ఇంత అని రాష్ట్రప్రభుత్వం ఆ చుట్టుపక్కల బడులన్నీ నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకు డబ్బులిస్తుంది. జీతాలూ బస్సులూ హీటర్లూ అన్నీ దానిమీదే నడవాలి. నోవై ఊరికి ఆనుకుని ఉన్న ఆ చిన్న డిస్ట్రిక్టులో ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారు. లైబ్రేరియన్‌ను తీసేశారు, రెండు బస్సులు ఆపేశారు. ఈ ఏడాది ఒక ఎలిమెంటరీ స్కూలు మూసెయ్యాలని స్కూల్ బోర్డు ఆలోచిస్తోంది. శ్రీవిద్య చదివే మేపుల్ హాలో స్కూలు మార్కుల్లో అన్నిటికన్నా ముందు, తలకాయల్లో అన్నిటికన్నా వెనక. అందులో సగానికి సగం తలకాయలు పక్కనున్న అపార్టుమెంట్ల తెలుగు పిల్లలవి.

డెబ్బీ ఫోన్ పెట్టేసి ప్రిన్సిపాల్ గదిలోకి పరిగెత్తింది. ఆగస్టులో కొత్తగా వచ్చిన మిసెస్ కోవాల్‌స్కీ ఆ మాట విని కుర్చీలో కూలబడింది. తర్వాత ఇద్దరూ చెరో ఫోనూ పట్టుకుని తెలుగు ఇళ్ళన్నిటికీ వరసగా ఫోన్లు చేశారు. "రేపు మీ పెద్ద పండుగట కదా, మీ బాబు బడికి వస్తాడా?"

ఏ తెలుగు తల్లయినా ఒక అమెరికన్ ప్రిన్సిపాల్ దగ్గర మా పండుగ మాకు తెలియదని ఎలా ఒప్పుకుంటుంది? మొదటి ఫోన్ అందుకున్న రేష్మ ఒక్క క్షణం తడబడి, "అవునవును, పండగే కదా! ఇంట్లో పూజ ఉంది" అనేసింది. మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. ఫోన్ పెట్టేసి ఏం పండగని ఒకరినొకరు మాత్రం సూటిగా అడగలేదు, తమ పరువు పోతుందని. గబగబా మినప్పప్పు నానబోశారు.

సాయంత్రం హనుమయ్య ఇంటికి వచ్చేసరికి పద్మ సోఫాలో ఫోన్ పట్టుకుని ఉంది. మొహంలో అనుమానం.

"ఏమండీ, రేపు ఏం పండగ?"

"పండగా?" అన్నాడు హనుమయ్య, షూ విప్పుతూ కిందికి చూసి.

"రేష్మ చేసింది, కావ్యశ్రీ చేసింది. పట్టులంగా వెయ్యాలా, తలంటు పొయ్యాలా అని అడుగుతున్నారు. స్కూల్ నుంచి చెప్పారట. కావ్యశ్రీ అయితే, 'బతుకమ్మ ఇంకా రాలేదు కదా వదినా, టైమ్ డిఫరెన్స్ వల్ల మనకి ముందొచ్చిందేమో' అంటోంది. నాకేమో ఒక్క ముక్క తెలీదు. ఊఁ ఊఁ అంటూ కూర్చున్నా."

హనుమయ్య ఉన్న సంగతి చెప్పాడు. పద్మ ఫోన్ పక్కన పెట్టేసింది. ఆమె తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

"దీనికన్నా జ్వరమే నయం కదండీ" అంది చివరికి.

అంతలో తలుపు చప్పుడైంది. నరసింహ, అతని వెనక అతని తండ్రి పరంధామయ్య. ఆయన కరీంనగర్‌లో మాస్టారుగా రిటైరై, ఆర్నెల్లుందామని కొడుకు దగ్గరికి వచ్చారు. చంకలో పంచాంగం ఉంది.

"రేపు పండుగని చెప్పినోడు ఎవడయ్యా?" అన్నారాయన గుమ్మంలోంచే. "పెత్రమాసే పోలే ఇంక, పెద్దల అమాస! పితృపక్షాలల్ల పండుగేంది? మా కోడలు గారెలకు పప్పు నానబోసింది. నాకు తెల్వకుండ పండుగ ఎట్లొస్తదని మూడుసార్లు తిరగేసిన."

నరసింహ తండ్రి వెనక నిలబడి, నా పేరు చెప్పకన్నా అన్నట్టు చేతులు జోడించాడు.

"పొరపాటైంది బాబాయ్‌గారూ. నేనే చెప్పాను" అన్నాడు హనుమయ్య. "ఇప్పుడే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి, పండగ లేదు, ఏమీ లేదు అని చెప్పేస్తాను."

ఫోన్ తీశాడు. నంబరు నొక్కేలోపే అది మోగింది. మిసెస్ కోవాల్‌స్కీ!

"మిస్టర్ హనుమయ్యా, దారి దొరికింది!" అందావిడ సంబరంగా. "మీ పండుగ రేపు మా కెఫెటీరియాలోనే చేసుకోండి. తెలుగు తల్లులందరికీ చెప్పాను, వంటలు తెస్తామన్నారు. పిల్లలు బడిలోనే ఉంటారు, పండుగా జరుగుతుంది. డిస్ట్రిక్టు సూపరింటెండెంట్ వస్తున్నారు, బోర్డు ప్రెసిడెంట్ వస్తున్నారు. ముందు మాకు చెప్పింది మీరే కాబట్టి, ఆ పండుగ గురించి మీరే ఒక ఐదు నిమిషాలు మాట్లాడాలి."

"మేడమ్, అసలు విషయమేమిటంటే..."

"మీకు చెప్పకూడదేమో గానీ చెప్తున్నాను." ఆవిడ గొంతు తగ్గింది. "మూసేసే బడుల జాబితాలో మనదే మొదటిది. రేపు పిల్లలు లేకపోతే జనవరిలో బోర్డు ముందు నా దగ్గర మాట ఉండదు. మీరు ముందుగా ఫోన్ చేసి మా బడిని కాపాడారు. అసలు విషయమేమిటన్నారు?"

హనుమయ్య కూతురి వైపు చూశాడు. శ్రీవిద్య బల్ల మీద బొమ్మ వేసుకుంటోంది. బడి మూస్తే ఈ పిల్ల బస్సెక్కి ఊరవతలికి పోవాలి. "ఏంలేదు మేడమ్. మైకు ఉంటుందా అని" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక పరంధామయ్య అన్నారు, "రేపు నేను గూడ వస్త. అబద్ధం పండుగ చెప్తే మాత్రం నడుమల లేస్త, ముందే చెప్తున్న."

బుధవారం ఉదయం కెఫెటీరియాలో ఇసుక వేస్తే రాలనంత జనం. లెక్కకు అందరూ రావాలని ఆ వారమంతా బడివాళ్ళు పిజ్జా ఆశ పెట్టారు. ఇప్పుడు దానికి పండుగ తోడైంది. పట్టులంగాలూ, కుర్తాలూ, వాటి మధ్య మిషిగన్ ఫుట్‌బాల్ చొక్కాలు. ముక్కు కారుతున్న పిల్లాణ్ణి కూడా టిష్యూ డబ్బాతో సహా తెచ్చి కూర్చోబెట్టారు. రేష్మ పులిహోర తెచ్చింది, కావ్యశ్రీ పరవాన్నం. తక్కిన అందరూ గారెలే తెచ్చారు. 

"గారెలు, పరవాన్నం. మొత్తం పెత్రమాస వంటే" అని గొణిగారు పరంధామయ్య, తెల్ల పంచెలో మొదటి వరసలో కూర్చుని.

గోడ మీద రెండో క్లాసు పిల్లలు కట్టిన పెద్ద కాగితం ఉంది. రంగు రంగుల అక్షరాల్లో 'హ్యాపీ' అని రాసి, పక్కన ఖాళీ వదిలారు. పండుగ పేరు ఎవరినడిగినా పక్కవాళ్ళను అడగమన్నారట. హనుమయ్య చెప్పగానే రాయడానికి శ్రీవిద్య మార్కర్ పట్టుకుని సిద్ధంగా ఉంది.

"డాడీ, నాకు ఈ పండగ హౌ కమ్ తెలీదు?" అంది మెల్లగా. "స్పెల్లింగ్ ఈజీ ఉందా?"

సూపరింటెండెంట్ మాట్లాడాడు. వైవిధ్యం అన్నాడు, పరీక్షల మార్కులన్నాడు, కష్టకాలం అన్నాడు. తర్వాత మైకు హనుమయ్య చేతికి వచ్చింది. రాత్రి పద్మతో కూర్చుని నాలుగు పండుగలు కల్పించాడు. ఆపిల్ పండుగ ఒకటి, సరస్వతిని లెక్కపెట్టే పండుగ ఇంకొకటి. అన్నీ ఇప్పుడు పరంధామయ్య కళ్ళజోడు చూడగానే ఎగిరిపోయాయి. ఆయన అప్పుడే మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవడానికి సిద్ధమవుతున్నారు.

"ఇవాళ మాకు..." అన్నాడు హనుమయ్య. చూపు దాచుకోవడానికి గోడల వైపు తిప్పాడు. భోజనాల కౌంటరు పక్కన ఆ రోజు మెనూ బోర్డు వేలాడుతోంది. 'అక్టోబరు 2, బుధవారం: చీజ్ పిజ్జా.'

అతను ఆ తేదీని రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇవాళ మాకు గాంధీ జయంతి!" అని అరిచాడు. మైకు కీచుమంది.

తెలుగు తల్లుల వరసలోంచి, "అదీ! నేనప్పుడే అనుకున్నా" అనే మాట ఒకేసారి పదిచోట్ల వినిపించింది. ఎవరూ అనుకోలేదు. పరంధామయ్య లేచి నిలబడ్డారు. హనుమయ్య మైకు కిందికి దించాడు.

"నిజమే!" అన్నారాయన గట్టిగా, ఇంగ్లీషులో. "నేను ముప్ఫై ఏళ్ళు ఇదే రోజు బడిలో గాంధీ పటానికి దండ వేసినాను. పంచాంగంలో చూసినా గానీ, కాలెండర్‌లో చూడలేదు." అని కూర్చుని, కొడుకు చెవిలో, "పితృపక్షాలకూ గాంధీకీ పేచీ లేదు లే" అన్నారు.

ఆ తర్వాత హనుమయ్యకు మాటలు వాటంతట అవే వచ్చాయి. సత్యం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం కొంచెం తొందరగా దాటేశాడు. శ్రీవిద్య నాలుక బయటపెట్టి, ఖాళీలో పేరు రాసింది, ఒక అక్షరం తప్పుతో. బోర్డు ప్రెసిడెంట్ ఒక్కటే సందేహం అడిగాడు, "ఆయన ఉపవాసాలు చేసేవారని చదివాను. మరి ఈ వంటలు?"

"ఉపవాసం మాకు. వంటలు మీకు" అంది పద్మ, గారెల పళ్ళెం ముందుకు తోసి.

లెక్క పూర్తయింది. మేపుల్ హాలోలో ఒక్క పిల్లాడు కూడా తక్కువ లేడు. మిసెస్ కోవాల్‌స్కీ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి హనుమయ్య చేతులు పట్టుకుంది. డిస్ట్రిక్టు ఆఫీసు నుంచి లెక్క సరిచూడటానికి వచ్చిన పెద్దావిడ పక్కనే నిలబడి మూడో గారె తింటోంది.

"బాగా జరిగింది" అందావిడ. "అయినా ఇంత హడావిడి ఎందుకు పడ్డారో నాకు అర్థం కాలేదు. పండుగకని చెప్పి మానేస్తే అనుమతి ఉన్న సెలవే కదా. నెల లోపల ఎప్పుడు తిరిగి వచ్చినా ఆ పిల్లల్ని లెక్కలో వేసుకోవచ్చు. అందరూ హాయిగా ఇళ్ళలోనే ఉండొచ్చు."

మిసెస్ కోవాల్‌స్కీ హనుమయ్య చేతులు వదిలేసింది. హనుమయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండ తోటలకు సరిగ్గా సరిపోయేలా కాస్తోంది.

జనవరిలో స్కూల్ బోర్డు సమావేశం జరిగింది. మేపుల్ హాలోను ముట్టుకోలేదు. అంత చక్కగా కలిసివచ్చే తల్లిదండ్రులున్న బడిని మూయడం భావ్యం కాదని బోర్డు ప్రెసిడెంటే అన్నాడు. ఆ ఊపులోనే, తెలుగు కుటుంబాల పట్ల గౌరవంతో, వచ్చే ఏడాది నుంచి అక్టోబరు రెండున డిస్ట్రిక్టులో బడులన్నిటికీ సెలవు ఇవ్వాలని తీర్మానించారు. అందరూ చప్పట్లు కొట్టారు, హనుమయ్యను లేచి నిలబడమన్నారు.

ఆ మరుసటి అక్టోబరు రెండున శ్రీవిద్య రోజంతా ఇంట్లోనే ఉంది, హనుమయ్యకు ఆఫీసుంది.