కొట్టు లైట్లు కుట్టు గదికి

ఆ సోమవారం పొద్దున షావుకారు అనుకున్న పని ఒక్కటే, తొమ్మిదింటికల్లా బట్టల కొట్టు తెరవాలి. టీ తాగుతుండగా భార్య వచ్చి ఎదురుగా కూర్చుని, కొట్టునుంచి తెచ్చుకున్న ముక్కల మూటలోంచి రెండు తీసి చూపించింది.

"వీటిలో నలుపేది, నీలమేది?"

"ఎడంచేతిది నీలం."

"నిన్న సాయంత్రం నాకు రెండూ ఒకటిలాగే కనిపించాయి. గదిలో ఉన్న ఒక్క బల్బూ నా వీపు వెనకాల వెలుగుతుంది. నా నీడ నా సూది మీదే పడుతుంది. ఇవాళ మంచి లైటు పెట్టించండి. లేకపోతే మిషను తెచ్చి మీ గల్లా పక్కనే వేసుకుంటాను."

గల్లా పక్కన భార్య కూర్చుంటే కొట్టుకు ఎంత నష్టమో షావుకారు ఒక్క గుటకలో లెక్కకట్టి, "సాయంత్రానికి పెట్టిస్తా" అన్నాడు.

ఆమె తొందరకు కారణం ఉంది. గెస్ట్‌హౌస్ నడిపే మేడం ఒకావిడ ఆమెకు బొంత కుట్టే పని అప్పగించింది. తెల్ల గుడ్డ మీద ముప్పై ముదురు నీలం నక్షత్రాలు కుట్టాలి. ఆదివారానికి ఇవ్వాలి. నచ్చితే మిగతా పదకొండు గదులకూ ఆమె చేతే కుట్టిస్తానంది. ఇన్నేళ్లూ చుట్టాల పిల్లలకు ఉత్తినే కుట్టిపెట్టిన మనిషికి బయటినుంచి వచ్చిన మొదటి పని అది. మేడం దాన్ని క్విల్ట్ అంటుంది. బొంత అంటే ఊరికే అడుగుతారనీ, క్విల్ట్ అంటే మర్యాదగా అడుగుతారనీ షావుకారు అప్పుడే గ్రహించాడు.

వెలుతురు విషయంలో తనకు ఒకరు చెప్పాల్సిన పని లేదని ఆయన నమ్మకం. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఆయన కనిపెట్టిన రహస్యం గుడ్డలో లేదు, గుడ్డ మీద పడే లైటులో ఉంది. కొట్టు నిండా పసుపు లైట్లే. వాటి కింద వెలిసిన రంగు నిగనిగలాడుతుంది, ఏడాదిగా కదలని సరుకు నిన్న దిగినట్టు కనిపిస్తుంది. "ఒకసారి బయట చూసుకోవచ్చా?" అని ఎవరైనా అడిగితే ఎండాకాలం "దుమ్మమ్మా" అంటాడు, వానాకాలం "తడుస్తుందమ్మా" అంటాడు. మిగతా రోజుల్లో గుమ్మానికి అడ్డంగా నిలబడతాడు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు తను, రెండోవాడు ఆ లైట్లు బిగించిన ఎలక్ట్రీషియన్, స్వయానా భార్య తమ్ముడు.

కొట్టు వెనక గదిలో అలాంటి లైట్లే ఆరు అదనంగా పడి ఉన్నాయి. ఇంట్లో సరుకుండగా బయట కొనడం ఆయన జాతకంలో లేదు.

బావమరిది నిచ్చెన ఎక్కకముందే నసిగాడు. "బావా, అక్కకు ఇవి పనికిరావు. తెల్ల లైటు కావాలి. అది కూడా నెత్తిమీద కాదు, ఎడమ పక్కనుంచి రావాలి. అప్పుడు చేతి నీడ సూదిమీద పడదు."

"ఒరేయ్, నేను గుడ్డల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. గుడ్డకు ఏ లైటు బాగుంటుందో నాకు నేర్పుతావా?"

"గుడ్డకు బాగుంటుంది బావా. కుట్టే మనిషికే..."

"బిగించరా."

ఆరూ బిగించారు. బయటి వెలుతురు కలిస్తే లైటు అందం చెడుతుందని షావుకారు అలవాటు కొద్దీ కిటికీకి మందపాటి కర్టెన్ కూడా వేయించాడు. స్విచ్ వేయగానే గది పెళ్లికూతురిలా మెరిసిపోయింది. భార్య రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

"ఎంత బాగుందండీ! పాత ముక్కలు కూడా కొత్తవాటిలా ఉన్నాయి!"

"అందుకే కదా అవి..." అనబోయి షావుకారు మిగతా మాట మింగేశాడు.

నాలుగు రోజులు ఆమె ఆ గది వదల్లేదు. అక్కడే కత్తిరించింది, అక్కడే అతికించింది. శుక్రవారం పొద్దున, కుట్టు పూర్తయిన బొంతను మురిపెంగా తెచ్చి హాల్లో నేలమీద పరిచింది. పరిచి, కెవ్వుమంది.

ముప్పై నక్షత్రాల్లో తొమ్మిది నల్లగా ఉన్నాయి.

బొంతను చుట్టుకుని గదిలోకి పరిగెత్తింది. అన్నీ నీలమే. హాల్లోకి తెచ్చింది. తొమ్మిది నలుపు. మళ్లీ గది, మళ్లీ హాలు. నాలుగోసారికి సోఫాలో కూలబడింది.

"ఏమండీ, నా కళ్లు పోతున్నాయి!"

షావుకారుకు విషయం క్షణంలో అర్థమైంది. ఒక్క నిజం చెబితే తీరిపోయేది. కానీ ఆ నిజం ఇంట్లో చెబితే భార్య నోటినుంచి పక్కింటికి, పక్కింటినుంచి కొట్టు గుమ్మానికి రావడానికి ఒక పూట చాలు. నిజానికీ అబద్ధానికీ మధ్య ఆయన ఎప్పుడూ చూసుకునేది ఏది చవకో అన్నదే. ఆ పూట అబద్ధమే చవకగా కనిపించింది.

"అలసిపోయి ఉంటాయి. కాసేపు పడుకో" అన్నాడు.

ఆమె పడుకోలేదు, పొద్దు పోయేదాకా ఏడ్చింది. శనివారం పొద్దున్నే సాక్ష్యంగా బొంతను సంచిలో పెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరింది. ఆమె వీధి మలుపు తిరగగానే షావుకారు బావమరిదికి ఫోన్ చేశాడు.

"మీ అక్క వచ్చేలోపల ఆ ఆరూ పీకేసి తెల్లవి పెట్టు. పీకినవి ఎవరి కంటా పడకుండా కొట్టుకు తీసుకురా."

ఇక గండం గడిచినట్టేననుకుని కొట్టు తెరిచాడు. అయితే డాక్టరు దగ్గర పని తొందరగా అయిపోయింది. పదకొండింటికి భార్య ఇంటికి పోకుండా నేరుగా కొట్టుకే వచ్చింది. బొంతను బల్లమీద దబ్బున పడేసింది.

"నా కళ్లు నిక్షేపంలా ఉన్నాయట! ఈ వయసులో ఇంత మంచి చూపు అరుదన్నాడు డాక్టరు. అంటే తేడా మీ గుడ్డలోనే ఉంది. లోపల ఒక రంగు, బయట ఒక రంగు! ఇదేం గుడ్డండీ?"

"నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నాడు షావుకారు. కొట్టులో అప్పటికే నలుగురున్నారు.

కర్టెన్ గుడ్డ బేరం చేస్తున్న టీచరమ్మ ఒక్కసారి ఇటు తిరిగింది. "అందుకేనా? పోయిన నెల గులాబీరంగు కర్టెన్లని తీసుకెళ్తే ఇంట్లో ఇటుక రంగులో ఉన్నాయి. గులాబీయేనని నేను, కాదని మా ఆయన. పాపం, ఆయనకే చూపు తేడా అని రోజూ కళ్లలో చుక్కలు వేస్తున్నాను!"

ఎదురుగా ఉన్న కటింగ్ షాపు యజమాని కత్తెరతో సహా వచ్చేశాడు. "నా ప్యాంటు గుడ్డ కూడా అంతే. కొన్నప్పుడు బూడిద రంగు, ఇప్పుడు ఆకుపచ్చ."

జనం చేరారు. ఒకరు గుడ్డ పట్టుకుని వీధిలోకి వెళ్తారు, ఇంకొకరు లోపలికి వస్తారు. గుమ్మానికి అడ్డంగా నిలబడదామంటే షావుకారు ఒక్కడే, గుమ్మం వెడల్పు.

"గుడ్డ మోసం చేసిందని మేడంకు కూడా ఫోన్ చేసి చెప్పాను. ఆవిడా వస్తోంది" అంది భార్య.

షావుకారు గబగబా లెక్కవేసుకున్నాడు. కళ్లమీద నెడదామంటే డాక్టరు ఒప్పుకోలేదు. గుడ్డమీద నెడితే కొట్టు మూతపడుతుంది. లైట్లమీద నెడితే తను మూతపడాలి. ఏ బేరంలోనూ ఇలా మూడువైపులా నష్టం ఆయన చూడలేదు.

సరిగ్గా అప్పుడే నెత్తిమీద అట్టపెట్టెతో బావమరిది జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "తప్పుకోండి, తప్పుకోండి! బావా, ఎవరి కంటా పడకుండా తెమ్మన్నావుగా, ఇవిగో ఆరూ!"

భార్య పెట్టెలోనుంచి ఒక లైటు తీసింది. దాన్ని చూసింది. తలెత్తి కొట్టు పైకప్పును చూసింది. వరసగా అవే.

"ఒరేయ్ తమ్ముడూ, ఇవి నా గదిలోవి కదా?"

"అవునక్కా. నేను ముందే మొత్తుకున్నా. ఇవి గుడ్డ అమ్మే లైట్లు, కుట్టే లైట్లు కావని."

జనమంతా తలలెత్తి పైకప్పును చూశారు.

"నా కళ్లు పోతున్నాయని నేను కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే" అంది భార్య ఒక్కో మాటా కొలిచినట్టు, "మీకు తెలిసే అలసట అన్నారా?"

"అలసటే అనుకున్నానే..."

"ఎవరి అలసట?"

షావుకారు బల్లమీది కొలబద్దను అటూ ఇటూ సర్దుతుండగా గెస్ట్‌హౌస్ మేడం లోపలికి వచ్చింది. బల్లమీద బొంతను చూసి ముఖం వెలిగిపోయింది. "ఏదో మోసం అన్నావు? ఇంత బాగుంటే! ప్యాక్ చేసి ఇచ్చెయ్."

షావుకారుకు ప్రాణం లేచొచ్చింది. భార్య వైపు కనుబొమ్మలు ఎగరేశాడు. ఇచ్చెయ్యమని, నోరు మూసుకుని ఇచ్చెయ్యమని. పదకొండు గదులు ఆ కనుబొమ్మల మీదే ఊగుతున్నాయి.

భార్య ఆయన వైపు చూడనైనా లేదు. "ఒక్క నిమిషం మేడం, ఇలా ఎండలోకి రండి" అని బొంతను వీధిలోకి తీసుకెళ్లి రెండు కొసలూ పట్టుకుని నిలబడింది. "ఇది, ఇది, ఇదిగో ఇది. తొమ్మిది నలుపు. తప్పు నాదే అనుకోండి. రేపటికి ఇవ్వలేను."

మేడం కళ్లద్దాలు సవరించుకుని తొమ్మిదీ లెక్కపెట్టింది. జనం కూడా లెక్కపెట్టారు. కటింగ్ షాపు యజమానికి పది వచ్చాయి, మళ్లీ మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అంది మేడం చివరికి. "ఈ తొమ్మిదీ విప్పి కుట్టు. ఇంకో వారం తీసుకో. మిగతా పదకొండూ నువ్వే కుట్టాలి."

భార్య కళ్లు చెమర్చాయి. బొంత కొసతోనే తుడుచుకోబోయి, తెల్లగుడ్డ అని గుర్తొచ్చి చేత్తో తుడుచుకుంది.

మేడం అప్పుడు కొట్టు పైకప్పు వైపు తిరిగింది. "షావుకారుగారూ, ఆ లైట్లు అమ్ముతారా? మా గదుల్లో ఎన్నిసార్లు సున్నం కొట్టినా గోడల చెమ్మ మరకలు దాగడం లేదు."

"వీటి కింద మరకలు డిజైన్లలా ఉంటాయి మేడం!" అన్నాడు షావుకారు, నోరు ఊరుకోక.

"అన్నీ తీసుకెళ్లండి మేడం, ఒక్కటి మిగల్చకండి" అంది భార్య. "ఒరేయ్ తమ్ముడూ, నిచ్చెన తీసుకురా. ఇక్కడ కూడా తెల్లవే."

మధ్యాహ్నం రెండింటికి బావమరిది నిచ్చెన దిగి స్విచ్ వేశాడు. ఇరవై ఏళ్లుగా తాను అమ్ముతున్న గుడ్డలు ఏయే రంగుల్లో ఉన్నాయో షావుకారుకు అప్పుడు తెలిసింది.